నోరు ఎండబెట్టే మందులు: వాడేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కొత్త మందు మొదలుపెట్టాక నోరు పిడచకట్టుకుపోతుంటే, చాలామంది వయసు వల్లేలే అని సరిపెట్టుకుంటారు. ముందు మందుల చీటీ చూడండి. జలుబుకి వాడే క్లోర్‌ఫెనిరమిన్, డిప్రెషన్‌కీ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివాళ్లకిచ్చే ఆక్సిబ్యుటినిన్ నోటిని బాగా ఎండబెడతాయి. లాలాజలం ఊరమని నరాలు పంపే సంకేతాన్ని ఇవి అడ్డుకుంటాయి. బీపీకి వాడే క్లోనిడిన్‌తోనూ ఈ ఇబ్బంది ఉంది. ఇలాంటివి రెండు మూడు కలిస్తే మరీ కష్టం. అందుకే కొత్త మందు రాయించుకునేటప్పుడే, సొంతంగా కొనుక్కునే జలుబు మాత్రలతో సహా వాడుతున్నవన్నీ డాక్టర్‌కి చెప్పండి.

అలాగని మందు మీ అంతట మీరు ఆపేయొద్దు. క్లోనిడిన్ ఉన్నట్టుండి మానేస్తే బీపీ ఒక్కసారిగా పెరిగిపోతుంది. డోసు తగ్గించాలో, మందు మార్చాలో డాక్టరే చూస్తారు.

అన్నిటికంటే నా భయం పళ్ల గురించి. నోట్లో పుట్టే ఆమ్లాన్ని విరిచేది, పంటికి కాల్షియం అందించేది లాలాజలమే. అది తగ్గితే పళ్లు చిగుళ్ల అంచున పుచ్చడం మొదలవుతుంది. మొదట సున్నం రాసినట్టు తెల్లటి చార, తర్వాత గోధుమరంగు మచ్చ. నొప్పి తెలిసేసరికి పుచ్చు లోపలికి దిగిపోయి ఉంటుంది. నోరు తడవడానికని రోజంతా చాక్లెట్లు, పిప్పరమెంటు బిళ్లలు చప్పరిస్తే ఆజ్యం పోసినట్టే. వాటి బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి (ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనివ్వకండి, జైలిటాల్ కుక్కలకు విషం). ఫ్లోరైడ్ పేస్టుతో రోజూ రెండుసార్లు తోముకోండి. నురగ ఉమ్మేశాక వెంటనే నీళ్లతో పుక్కిలించకండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. పళ్ల డాక్టర్‌కి ముందే చెబితే, అవసరాన్నిబట్టి ఫ్లోరైడ్ ఎక్కువున్న పేస్టు రాస్తారు.

నీళ్లు గుక్కగుక్కగా తాగుతుండండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు కొలిచి తాగేవాళ్లు ఆ గుక్కల్ని కూడా లెక్కలో వేసుకోవాలి. వాళ్లకి పుక్కిలించి ఉమ్మేయడం మేలు.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్ర పొడి నోట్లో సరిగా కరగదు. ఇంట్లోవాళ్లకీ ఈ సంగతి చెప్పి ఉంచండి: ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడపాలి, తర్వాతే మాత్ర.

నోట్లో తెల్లటి పొర, మంట కనిపిస్తే ఫంగస్ కావచ్చు, వెంటనే చూపించుకోండి. నోరు ఎండడంతోపాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే మందు వల్లే అనుకోకుండా షుగర్ పరీక్ష చేయించుకోండి.