సైన్స్ ఫిక్షన్ నవలకు నమ్మదగిన లోకాన్ని కట్టడం ఎలా?

సైన్స్ ఫిక్షన్ గానీ ఫాంటసీ గానీ రాద్దామనుకునేవాళ్లు ఎక్కువగా అద్భుతాల జాబితాతో మొదలుపెడతారు: ఎగిరే నగరాలు, మాట్లాడే రోబోలు, మంత్రదండాలు. కథ నడిచేది మాత్రం ఆ లోకంలో ఏది కుదరదో దాని మీద. మాయల ఫకీరు ప్రాణం చిలకలో లేకపోతే బాలనాగమ్మ కొడుక్కి చేయడానికి పనే ఉండదు.

1. ఒక్క అద్భుతాన్ని ఎంచుకోండి

ఒక అసాధ్యాన్ని పాఠకుడు ఇట్టే ఒప్పుకుంటాడు. వరసగా ఐదు పెడితే అనుమానం మొదలవుతుంది. ఇక్కడ మనం అంగారకుడి మీద ఒక చిన్న కాలనీ ఉందనుకుందాం.

2. కుదరనివి రాసుకోండి

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. భూమి నుంచి అంగారకుడికి రేడియో సందేశం చేరడానికి, రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి, సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అంటే ఫోన్లో మాట్లాడుకోవడం కుదరదు. కూతురు అక్కడ, తండ్రి కాకినాడలో ఉండి గొడవపడితే, ఆయన సారీ చేరేలోపే ఆమె రెండో కోపం మెసేజ్ బయల్దేరిపోతుంది. సూర్యుడు రెండు గ్రహాల మధ్యకు వచ్చినప్పుడైతే సిగ్నల్ చెడిపోతుందని నాసా తన రోవర్లకు దాదాపు రెండు వారాలు ఆదేశాలే పంపదు. ఆ రెండు వారాల్లో కాలనీలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే? తిరిగి వచ్చేద్దామన్నా అనువైన ప్రయాణ సమయం సుమారు 26 నెలలకోసారే వస్తుంది. విలన్ అవసరం లేకుండానే మీకు సగం నవల దొరికింది.

ఫాంటసీ రాసేవాళ్లకు లెక్కలు ఉండవు, కాబట్టి వాళ్లు ఇంకా కచ్చితంగా ఉండాలి. మంత్రం వేసినవాడికి మూడు రాత్రులు నిద్ర పట్టదని మొదట్లో రాస్తే, చివరి యుద్ధంలోనూ పట్టకూడదు.

3. రోజువారీ బతుకులోకి దించండి

అంగారకుడి రోజు మనకంటే దాదాపు 40 నిమిషాలు ఎక్కువ. 2012లో క్యూరియాసిటీ రోవర్ దిగాక నాసా బృందం మొదటి మూడు నెలలు ఆ కాలమానం ప్రకారమే డ్యూటీ చేసింది. డ్యూటీ రోజూ ఇంకో 40 నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంటే భోజనాలు, పిల్లల బడి, పెళ్లిరోజు మెసేజ్‌లు ఏమవుతాయి? రాకెట్ వర్ణన కంటే ఇవే లోకాన్ని నమ్మిస్తాయి.

4. పాఠం చెప్పకండి

"నీకు తెలుసు కదా, ఇక్కడ గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో 38 శాతమే" అని ఒక పాత్ర ఇంకో పాత్రతో అనిపించకండి. కొత్తగా వచ్చినవాడు మెట్టు ఎక్కబోయి ఎగిరి దూరంగా పడితే చాలు.

5. చివరి అధ్యాయం నుంచి వెనక్కి చదవండి

హీరో బయటపడిన దారి పాఠకుడికి ముందే తెలిసిన నియమాల్లోంచే వచ్చిందా? చివర్లో కొత్త యంత్రమో కొత్త వరమో ఊడిపడితే, దాన్ని మూడో అధ్యాయంలోకి తీసుకెళ్లి, అక్కడ ఒకసారి పనిచేయకుండా చేయండి.