కోచ్ కన్ను గొప్పదా, స్టార్ల లెక్క గొప్పదా? కాలేజీ ఫుట్‌బాల్‌లో మీరే తేల్చుకునే పద్ధతి

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌కి వచ్చే హైస్కూల్ కుర్రాళ్లకి రేటింగ్ సంస్థలు ఐదు దాకా స్టార్లు ఇస్తాయి, కాలేజీ కోచ్‌లు తమ కన్నుతో చూసి స్కాలర్‌షిప్ ఆఫర్ ఇస్తారు. వీళ్లలో ఎవరి అంచనా మెరుగన్న వాదన, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లో) పేరు తెచ్చుకున్న జె.జె. వాట్, జాష్ అలెన్‌ల ప్రస్తావన రాకుండా ఎక్కడా ముగియదు. "స్టార్లు ఇచ్చేవాళ్లకి ఏం తెలుసు? కోచ్‌లే వాళ్లని కనిపెట్టారు" అంటారు. రికార్డు తిరగేస్తే కథ వేరేగా ఉంటుంది. వాట్‌కి సెంట్రల్ మిషిగన్ స్కాలర్‌షిప్ ఇచ్చింది టైట్ ఎండ్‌గా (ఆఫెన్స్‌లో బ్లాక్ చేస్తూ బంతి కూడా అందుకునే స్థానం). అక్కణ్ణుంచి విస్కాన్సిన్‌కి స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా వెళ్లి, డిఫెన్స్‌కి మారి, 2011 డ్రాఫ్ట్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే చోట) 11వ పిక్ అయ్యాడు. అలెన్‌ని హైస్కూల్ అయ్యాక పై డివిజన్ (ఎఫ్‌బీఎస్) కాలేజీ ఒక్కటీ పిలవలేదు. రీడ్లీ అనే జూనియర్ కాలేజీలో ఆడి, కనపడిన కోచ్‌కల్లా ఈమెయిల్ పెడితే చివరికి వయోమింగ్ తీసుకుంది. 2018లో 7వ పిక్. ఈ ఇద్దరి విషయంలో స్టార్లు ఇచ్చేవాళ్లు ఎంత తప్పారో దేశంలోని కోచ్‌లూ దాదాపు అంతే తప్పారు. ఒకరిద్దరికి మాత్రం కన్ను పడింది.

కాబట్టి పేర్లు పక్కనపెట్టి లెక్క వేసుకోవాలి. శుక్రవారం రాత్రి టెక్సస్ ఫ్రిస్కోలోనో జార్జియా కమింగ్‌లోనో స్కూల్ మ్యాచ్‌కి వెళ్లే మనవాళ్లలో ఎక్సెల్ రానివాళ్లు అరుదు కాబట్టి ఇది రెండు వారాంతాల పని.

ప్రశ్నని విడగొట్టండి

"ఎవరు మెరుగు?" అని అడిగితే జవాబు రాదు. కారణం, ఈ రెండు అంచనాలూ విడివిడిగా పుట్టినవి కావు. అలబామా, జార్జియా లాంటి చోటు నుంచి ఆఫర్ వచ్చిందని తెలియగానే రేటింగ్ ఇచ్చేవాళ్లు ఆ కుర్రాడి వీడియో మళ్లీ తీసి చూస్తారు, రేటింగ్ తరచూ పెరుగుతుంది. అంటే ఆఖరి రేటింగ్‌లో సగం సరుకు కోచ్‌లదే. అటు కోచ్‌లు కూడా ఎవరిని చూడాలో వెతుక్కునేటప్పుడు ఈ జాబితాలు తిరగేస్తారు. ఇంకో చిక్కు: వయోమింగ్ కోచ్ సంతకం చేయించుకున్నది తాను మెచ్చినవాళ్లందరినీ కాదు, మెచ్చినవాళ్లలో లారమీ (ఆ కాలేజీ ఉన్న ఊరు) దాకా రావడానికి ఒప్పుకున్నవాళ్లని. సంతకాల జాబితా చూసి కోచ్ కన్ను కొలిస్తే కొలిచేది సగం అతని పలుకుబడినే.

అడగాల్సినవి రెండు. ఒకే రేటింగ్ ఉన్న ఇద్దరిలో మంచి ఆఫర్లున్నవాడు తర్వాత ఎక్కువ రాణించాడా? ఒకే స్థాయి ఆఫర్లున్న ఇద్దరిలో ఎక్కువ రేటింగ్ ఉన్నవాడు ఎక్కువ రాణించాడా? మొదటిదానికి అవునని వస్తే స్టార్లకి అందనిదేదో కోచ్‌లకి తెలుసు. రెండోదానికీ అవునని వస్తే కోచ్‌లు వదిలేసినదేదో స్టార్లు పట్టాయి. రెండింటికీ అవునని రావచ్చు, ఆశ్చర్యపడక్కర్లేదు.

సరుకు తెచ్చుకోవడం

కాలేజ్‌ఫుట్‌బాల్‌డేటా సైట్‌లో ఉచితంగా కీ (డేటా దించుకునే కోడ్) తీసుకుంటే రిక్రూట్ల, అంటే కాలేజీల్లో చేరిన హైస్కూల్ కుర్రాళ్ల జాబితా సంవత్సరాల వారీగా దిగుతుంది: పేరు, స్కూలు, ఊరు, రాష్ట్రం, పొజిషన్, ఎత్తు, బరువు, స్టార్లు, దశాంశాల్లో రేటింగ్, చేరిన కాలేజీ. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ పిక్‌లు కూడా అక్కడే ఉంటాయి. రేటింగ్‌కి 247 స్పోర్ట్స్ వాళ్ల కాంపోజిట్ వాడండి. అది ఏ ఒక్క సంస్థదీ కాదు, పెద్ద సంస్థల అంచనాలు కలిపి తీసిన అంకె. స్టార్లతో కాకుండా ఆ దశాంశంతోనే పని చేయండి. మూడు స్టార్లలో పైమెట్టున ఉన్నవాడికీ అడుగుమెట్టున ఉన్నవాడికీ మధ్య దూరం, ఆ పైమెట్టువాడికీ నాలుగు స్టార్ల అడుగుమెట్టువాడికీ మధ్య దూరం కన్నా చాలా ఎక్కువ.

ఏ బ్యాచ్‌లు తీసుకోవాలన్నది ముఖ్యం. 2011 నుంచి 2015 దాకా చేరిన ఐదు బ్యాచ్‌లు చాలు. హైస్కూల్ నుంచి మూడేళ్లు గడిస్తేగాని డ్రాఫ్ట్‌కి అర్హత రాదు, రెడ్‌షర్ట్ ఏడాది (మ్యాచ్‌లు ఆడకుండా అర్హత మిగుల్చుకునే ఏడాది) కలిపితే ఐదేళ్లు పడుతుంది. అంటే 2015లో చేరినవాళ్ల కథ 2020 డ్రాఫ్ట్‌తో ముగుస్తుంది. ఆ తర్వాతి బ్యాచ్‌లకి కోవిడ్ ఇచ్చిన అదనపు ఏడాది, 2018 అక్టోబర్‌లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునేవాళ్ల జాబితా) కలిసి లెక్కని కలగాపులగం చేస్తాయి.

హైస్కూల్ నుంచి వచ్చినవాళ్లని, జూనియర్ కాలేజీ నుంచి వచ్చినవాళ్లని వేరుచేయండి. అలెన్ రెండో గుంపువాడు. అలాంటివాళ్లు కలిస్తే పోలిక చెడుతుంది.

రెండు జాబితాలు జోడించేటప్పుడు ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ప్లేయర్ ఐడీ కొన్ని వరుసల్లో ఖాళీగా ఉంటుంది. పేరు, కాలేజీ కలిపి జోడిస్తే కాలేజీ మారినవాడు పోతాడు. పేరు, పొజిషన్ కలిపి జోడిస్తే లేన్ జాన్సన్ లాంటివాడు పోతాడు: హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్, జూనియర్ కాలేజీలోనూ క్వార్టర్‌బ్యాక్, ఓక్లహోమాలో టైట్ ఎండ్, చివరికి 2013 డ్రాఫ్ట్‌లో 4వ పిక్‌గా ఆఫెన్సివ్ టాకిల్. పేరు, ఊరు, రాష్ట్రం కలిపి జోడించండి. "జూనియర్", "థర్డ్" లాంటి తోకలు ముందే కోసేయండి. తర్వాత తిరగేసి కూడా జోడించండి: డ్రాఫ్ట్ అయినవాళ్లలో రిక్రూట్ జాబితాలో దొరకనివాళ్లెవరో చూడండి. కొందరు పేరు తేడాతో జారినవాళ్లయితే, మిగతావాళ్లు ఎవరూ రేటింగ్ ఇవ్వని వాక్-ఆన్‌లు. వాళ్లని కొట్టేయకుండా "సున్నా రేటింగ్" గుంపుగా ఉంచండి. లేదంటే రెండు పక్షాల తప్పులూ కనపడకుండా పోతాయి.

ముందు మొత్తం ఎంతమందో చూడండి

"సూపర్ బౌల్ ఆడినవాళ్లలో ఐదు స్టార్లవాళ్ల కన్నా మూడు స్టార్లవాళ్లే ఎక్కువ" అని ఏటా ఫిబ్రవరిలో ఎవరో ఒకరు చెబుతారు. మాట నిజమే, దాంతో తేలేది మాత్రం ఏమీ లేదు. ఏటా ఐదు స్టార్లు వచ్చేది ముప్పై మంది చుట్టుపక్కల. 247 స్పోర్ట్స్ వాళ్లు డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోని 32 పిక్‌లని మనసులో పెట్టుకునే ఆ సంఖ్య అలా ఉంచుతారు. మూడు స్టార్లవాళ్లు వేలల్లో ఉంటారు. గుండు లెక్కలో ఐదు స్టార్లవాళ్లలో సుమారు సగం మంది డ్రాఫ్ట్ అవుతారు, నాలుగు స్టార్లవాళ్లలో ఐదుగురికి ఒకరు, మూడు స్టార్లవాళ్లలో వందకి ఐదారుగురు. ముప్పైలో పదిహేను మంది ఒకవైపు, 1,800 మందిలో తొంభై మంది ఇంకోవైపు. తలలు లెక్కపెడితే తొంభైదే పైచేయి. ఒక్కొక్కరి అవకాశం చూస్తే ఐదు స్టార్లవాడిది పది రెట్లు.

అయినా ఒక్కొక్కణ్ణి తీసి చూస్తే స్టార్లు బోల్తా కొట్టే తీరు గట్టిగానే ఉంటుంది. క్విన్ ఎవర్స్‌కి కాంపోజిట్‌లో 1.0000, అంటే ఇక పైన అంకె లేదు. 2025 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్‌కి గానీ పిలుపు రాలేదు. 2011 బ్యాచ్‌లో నంబర్ వన్ అయిన జాడివియన్ క్లౌనీ 2014 డ్రాఫ్ట్‌లోనూ నంబర్ వన్. రెండూ ఒకే పద్ధతి నుంచి వచ్చిన ఫలితాలే.

ఆఫర్లకి అంకె వేయడం

చాలామంది ఆఫర్ల సంఖ్య రాసుకుంటారు. అది వద్దు. ఆఫర్ అన్నది చాలావరకు నోటి మాట. సీనియర్ ఏడాది ఆగస్టు 1 దాకా రాతపూర్వకంగా ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. దానికి ముందు "ఆఫర్ వచ్చింది, దేవుడి దయ" అని కుర్రాడు సోషల్ మీడియాలో పెట్టేదే ఆధారం. అందులో కొన్ని ఆ రోజే ఒప్పుకున్నా కోచ్ సరేననేవి, మిగతావి "మనసులో ఉంచుకున్నాం" అనే పలకరింపులు.

ఇలా వేయండి. గత నాలుగు బ్యాచ్‌ల సగటు ర్యాంకును బట్టి కాలేజీలని నాలుగు అంచెలు చేసి, పై అంచెకి 4, అడుగు అంచెకి 1 ఇవ్వండి. కుర్రాడికున్న ఆఫర్లలో పై మూడింటినే కలపండి. కాలేజీ సొంత ఖర్చుతో అఫీషియల్ విజిట్‌కి పిలిచి ఉంటే ఆ ఆఫర్ పూర్తి విలువ, పిలవకపోతే సగం. డబ్బు, కోచ్ సమయం పెట్టారంటే ఆ మాటకి బరువుంది.

ఒక లోపం మిగులుతుంది. పదో తరగతిలోనే మాటిచ్చేసిన కుర్రాడికి మిగతావాళ్లు ఆఫర్ ఇవ్వడం మానేస్తారు, వాడి స్కోరు ఉండాల్సిన దానికన్నా తక్కువ వస్తుంది. కమిట్ అయిన తేదీ సీనియర్ సీజన్‌కి ముందుంటే ఆ వరుసకి గుర్తు పెట్టి, ఆ గుంపు తీసేసి లెక్క ఇంకోసారి నడపండి.

రేటింగ్‌కి కూడా తేదీ కావాలి. ఆఖరి రేటింగ్ కాకుండా సీనియర్ సీజన్‌కి ముందు వేసవిలో ఉన్న రేటింగ్ దొరికితే అదే తీసుకోండి. పాత ర్యాంకింగ్ పేజీలు వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్ పేజీలు దాచే సైట్‌లో) కొన్ని దొరుకుతాయి. ఇది విసుగు పుట్టించే పని, కానీ కోచ్‌ల ఆఫర్లు రేటింగ్‌లోకి ఇంకిపోకముందు స్థితి చూడటానికి ఇదొక్కటే దారి.

పట్టిక

రేటింగ్‌ని ఐదు అడ్డు పట్టీలుగా, ఆఫర్ స్కోరుని మూడు నిలువు పట్టీలుగా కోసి పదిహేను గళ్ల పట్టిక వేయండి. ఒక్కో గడిలో రెండు అంకెలు: ఎంతమంది, అందులో డ్రాఫ్ట్ అయినవాళ్ల శాతం. అడ్డంగా చదివితే కోచ్‌ల అదనపు జ్ఞానం, నిలువుగా చదివితే స్టార్లది.

గడిలో మనుషులు తక్కువుంటే మోసపోతారు. నలభై మందిలో 20 శాతం, పక్క గడి నలభై మందిలో 30 శాతం వచ్చాయనుకోండి. తేడా 10 పాయింట్లు, కానీ అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాటే అటూ ఇటూ 19 పాయింట్ల దాకా ఉంటుంది. అదే నాలుగేసి వందల మంది ఉంటే ఊగిసలాట 6 పాయింట్లకి తగ్గుతుంది, అప్పుడు ఆ తేడాని నమ్మొచ్చు. ఐదు బ్యాచ్‌లు కలపమన్నది ఇందుకే.

పై పట్టీల్లో ఆఫర్లు అదనంగా చెప్పేది ఉండదు. అక్కడ అందరికీ అందరి ఆఫర్లూ ఉంటాయి. కోచ్ కన్ను కోసం చూడాల్సింది మూడు స్టార్ల పట్టీల్లో, అందులోనూ లైన్‌మన్లలో (ముందు వరుసలో ఢీకొనే భారీ ఆటగాళ్లలో). పదిహేడేళ్ల 240 పౌండ్ల కుర్రాడు ఇరవై రెండేళ్లకి 300 అవుతాడా అన్నది వీడియోలో కనపడదు. కోచ్ స్కూలుకి వెళ్తాడు, చేతుల పొడవు చూస్తాడు, తల్లిదండ్రుల ఎత్తు చూస్తాడు, బాస్కెట్‌బాల్ ఆడుతుంటే పాదాల కదలిక చూస్తాడు, షాట్‌పుట్ దూరం అడుగుతాడు. వేసవి క్యాంప్‌లో తానే టైమ్ తీస్తాడు. చేతి స్టాప్‌వాచ్‌తో తీసిన 40 గజాల టైమ్ లేజర్ టైమ్ కన్నా సుమారు 0.2 సెకన్లు తక్కువ చూపిస్తుందని అతనికి తెలుసు.

చేజారినవాళ్ల పరీక్ష

ఒక కోచ్ మూడు స్టార్లవాళ్లని తెచ్చి డ్రాఫ్ట్‌కి పంపిస్తున్నాడంటే మంచివాళ్లని ఎంచుకున్నాడా, మామూలువాళ్లని మంచివాళ్లుగా తీర్చిదిద్దాడా? టీసీయూలో (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీలో) కోచ్ గ్యారీ ప్యాటర్సన్ దగ్గర చేరిన జెర్రీ హ్యూస్ హైస్కూల్లో రన్నింగ్ బ్యాక్. డిఫెన్సివ్ ఎండ్‌గా మారి 2010 మొదటి రౌండ్‌లో వెళ్లాడు. ఇందులో కన్ను ఎంత, చెయ్యి ఎంత అని ఆ ఒక్క వరుస చూసి చెప్పలేం.

దీన్ని విడదీసే ఉపాయం ఒకటుంది. ఆ కోచ్ ఆఫర్ ఇచ్చి, దక్కించుకోలేక వేరే కాలేజీకి వదులుకున్నవాళ్ల జాబితా తీయండి. వాళ్లని అతను తీర్చిదిద్దలేదు, కాబట్టి మిగిలేది ఎంపిక ఒక్కటే. అదే రేటింగ్ పట్టీలో, అదే స్థాయి కాలేజీలో చేరి, ఇతని ఆఫర్ లేనివాళ్లతో పోల్చండి. చేజారినవాళ్లు ఎక్కువగా డ్రాఫ్ట్ అయితే ఆ కోచ్‌ది నిజంగా కన్నే. తేడా ఏమీ లేకపోయినా అతని దగ్గర చేరినవాళ్లు మాత్రం రాణిస్తుంటే, అతని గొప్పదనం వెయిట్ రూమ్‌లోనూ ప్రాక్టీస్‌లోనూ ఉంది. నోటి ఆఫర్లు విచ్చలవిడిగా పంచే కాలేజీకి ఈ పరీక్ష పనిచేయదు. విజిట్‌కి పిలిచినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి.

ఒక్క కోచ్ ఖాతా మొత్తంగా చూడాలంటే, అతని ప్రతి రిక్రూట్‌కీ రేటింగ్‌ని బట్టి రావాల్సిన అవకాశం రాసి కూడండి. ఏడాదికి ఇరవై మంది మూడు స్టార్లవాళ్లు (6 శాతం చొప్పున), నలుగురు నాలుగు స్టార్లవాళ్లు (20 శాతం చొప్పున) ఉంటే ఆశించాల్సింది ఇద్దరిని. ఒక ఏడాది ఐదుగురు వెళ్లినా సంబరపడొద్దు, అది అదృష్టం కావచ్చు. పదేళ్లలో ఇరవై రావాల్సిన చోట ముప్పై రెండు వస్తే మాత్రం ఆ పన్నెండు తేడా మామూలు ఊగిసలాటకి, అంటే నాలుగుకి కాస్త పైన ఉండే దానికి, దాదాపు మూడు రెట్లు. అప్పుడు ఆ కోచ్ దగ్గర ఏదో ఉంది.

జట్టు మొత్తం స్థాయిలో స్టార్ల మాట ఇంకా బలంగా చెల్లుతుంది. బడ్ ఇలియట్ ప్రచారంలోకి తెచ్చిన "బ్లూ-చిప్ రేషియో" అదే: గత నాలుగు బ్యాచ్‌లలో నాలుగు, ఐదు స్టార్లవాళ్లు సగానికి మించి ఉన్నారా లేదా. 2011 నుంచి 2024 సీజన్ దాకా జాతీయ ఛాంపియన్లంతా ఆ గీత దాటినవాళ్లే. ఒక్కొక్కరి మీద వేసిన అంచనాలో తప్పులుంటాయి, ఎనభై మందిని కలిపితే ఆ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే ఈ ఫలితాన్ని తెచ్చి కోచ్ కన్ను పనికిరాదనడం కుదరదు. ఆ గీత దాటిన జట్లని పేర్చింది కూడా కోచ్‌లే.

క్వార్టర్‌బ్యాక్‌లని మాత్రం పట్టిక నుంచి తీసేసి వేరే షీట్‌లో పెట్టండి. జట్టుకి ఆడేది ఒక్కడే, రెండోవాడు ఎంత మంచివాడైనా బెంచీ మీదే ఉంటాడు లేదా కాలేజీ మారతాడు. వాక్-ఆన్‌గా టెక్సస్ టెక్‌లో మొదలుపెట్టి ఓక్లహోమాలో 2017 హైస్‌మన్ (కాలేజీ ఉత్తమ ఆటగాడి అవార్డు) గెలిచి 2018లో మొదటి పిక్ అయిన బేకర్ మేఫీల్డ్ వరుస లైన్‌మన్ల మధ్య ఉంటే గడి శాతం ఒక్కసారిగా ఎగిరిపడుతుంది.