గార్డ్ ఉన్నా బండికి దెబ్బ: క్రాష్ గార్డ్ సమస్యలు, పరిష్కారాలు

పోయిన వానాకాలంలో బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద బండి పడేశాను. స్పీడ్ ఎంతంటారా, సున్నా. వాచ్‌మన్ గేటు తీసేదాకా ఆగుదామని ఎడమ కాలు కింద పెడితే అక్కడ నాచు పట్టి ఉంది, కాలు జారింది, 196 కేజీల హిమాలయన్ 450 నిదానంగా, చాలా మర్యాదగా పక్కకు ఒరిగి పడుకుంది. మూడు వారాల ముందే క్రాష్ గార్డ్, అంటే బండి పడితే ఇంజిన్ పక్కల దెబ్బ తగలకుండా బిగించే పైపుల చట్రం, వేయించా కదా అని ధీమాగా లేపి చూస్తే గార్డ్ మీద చిన్న గీత, దాని వెనకాల రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ మాత్రం రెండు ముక్కలు. గార్డ్ వంగలేదు, విరగలేదు. బోల్టుల మీద తిరిగి వెనక్కి వెళ్లి, కాపాడాల్సినదాన్ని తనే గుద్దింది. కంచే చేను మేసిందన్నమాట.

అప్పట్నుంచి మా గ్యాంగులో గార్డ్ పంచాయితీలన్నీ నా దగ్గరికే వస్తున్నాయి. అనంతపురం, మదనపల్లి, కడప నుంచి వచ్చి ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో మగ్గిపోతున్న ఏడెనిమిది మందిమి, శని ఆదివారాలు వస్తే లేపాక్షి అనో హార్స్‌లీ హిల్స్ అనో బండ్లేసుకుని పారిపోతాం. తిరిగొచ్చాక ఎవడో ఒకడు ఫొటో పంపుతాడు, "మామా, ఇదేందిరా ఇట్లయింది" అని. కింద రాసినవన్నీ ఆ ఫొటోల పుణ్యమే. ఒకటి మాత్రం ముందే చెప్పేస్తా: ఈ గార్డులు నిలబడినప్పుడో, మట్టిదారిలో మెల్లగా పోతున్నప్పుడో పడితే ట్యాంకు, రేడియేటర్, ఇంజిన్ కేసు దక్కడానికి. హైవేలో లారీ తగిలినా మీ కాలు కాపాడుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మొద్దు.

"గార్డ్ వంగలేదు, కానీ లోపలికొచ్చి గుద్దింది"

నా కేసు ఇదే. తప్పు పైపుది కాదు, పట్టుది. ఒక్కో వైపు గార్డ్‌ను ఎన్ని చోట్ల బిగించారో లెక్కపెట్టండి. నాది రెండే చోట్ల, పైన ఒకటి, కింద ఒకటి, రెండూ దాదాపు ఒకే నిలువు గీత మీద. అలాంటి గార్డ్‌కీ మన ఇంటి తలుపుకీ తేడా లేదు, రెండు బందుల మీద తిరుగుతుంది. మూడో పాయింట్ ఆ గీతకు దూరంగా, పక్కకు ఉండాలి. లేదా కుడి ఎడమ ముక్కల్ని ఇంజిన్ ముందో కిందో కలిపే అడ్డ పైపు ఉండాలి, అప్పుడు ఎడమ వైపు తగిలిన దెబ్బను కుడి వైపు బోల్టులు కూడా పంచుకుంటాయి.

కొనేముందు పరీక్ష సులభం. అదే గార్డ్ వేసిన బండి ఎక్కడైనా దొరికితే ఒకరిని హ్యాండిల్ పట్టుకోమని, గార్డ్ బయటికి ఉబ్బిన చోట పట్టుకుని ముందుకీ వెనక్కీ గట్టిగా గుంజండి. బండి మొత్తం ఊగాలి. బండి ఊగకుండా గార్డ్ ఒక్కటే కదిలితే, రెండు మూడు మిల్లీమీటర్లు కదిలినా సరే, అది వద్దు.

ఇప్పటికే కొనేసుంటే పారేయక్కర్లేదు. నేను జేసీ రోడ్డు వెనక సందులో ఒక వెల్డింగ్ భాయ్ దగ్గర రెండు ముక్కలకూ చిన్న పట్టీలు వేయించి, మధ్యలో అడ్డ పైపు బోల్టులతో బిగించేలా చేయించుకున్నా. గార్డ్‌ను బండి మీద ఉంచి మాత్రం వెల్డింగ్ చేయించొద్దు. ఆ కరెంటు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం లాక్ కాకుండా చూసే యూనిట్) లాంటివాటిని కాల్చేయొచ్చు. "ఏం కాదు సార్, రెండు నిమిషాలు" అంటాడు. ఊడదీసే ఇవ్వండి.

"గార్డ్ చెక్కుచెదరలేదు, ఇంజిన్ మౌంట్ దగ్గర చీలింది"

పై దానికి ఇది పూర్తిగా తిరగబడ్డ కేసు, ఖర్చు చాలా ఎక్కువ. మందం పైపు, బరువైన గార్డ్, చూడ్డానికి పోలీస్ బ్యారికేడ్‌లా ఉంటుంది. పడినప్పుడు పైపు వంగితే దెబ్బలో కొంత ఆ వంగడంలోనే ఖర్చయిపోతుంది. వంగనప్పుడు మొత్తం బోల్టు దగ్గరికి పోతుంది, అక్కడ ఉన్నది అల్యూమినియం కేసో సన్నటి ఫ్రేమ్ ట్యాబో అయితే అదే చీలుతుంది. గార్డ్ వంగితే కొత్తది వేసుకుంటాం, ఫ్రేమ్ వంగితే ఆ నెల జీతం మర్చిపోవడమే.

అందుకని బోల్టులు వేటికి పడుతున్నాయో చూడండి. ఫ్రేమ్‌కి, ఫ్రేమ్‌నీ ఇంజిన్‌నీ కలిపే పొడుగు (ఇంజిన్ మౌంట్) బోల్టులకి పడితే మంచిది. ఒట్టి ఇంజిన్ కేసుకే, అదీ చిన్న బోల్టుతో పట్టించిన డిజైన్ అయితే వదిలేయండి, ఎంత అందంగా ఉన్నా.

పైపు సంగతి. షాపులో అందరూ మందం గురించే మాట్లాడతారు, వ్యాసం గురించి ఎవడూ చెప్పడు. మందం 2 మిల్లీమీటర్లే ఉంచి వ్యాసం 22 నుంచి 25.4 మిల్లీమీటర్లకు, అంటే అంగుళం పైపుకి, మార్చారనుకోండి, బరువు ఆరో వంతే పెరుగుతుంది, గట్టిదనం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కాబట్టి సన్నటి బరువు పైపు కంటే కాస్త లావు పైపు మేలు. మైల్డ్ స్టీలా, స్టెయిన్‌లెస్సా అంటే నా ఓటు మైల్డ్ స్టీల్‌కే. ఏ ఊళ్లో వంగినా ఆ ఊరి ట్రాక్టర్ రిపేరు షెడ్డులో అతుకేసేవాడు దొరుకుతాడు, స్టెయిన్‌లెస్‌కి సరైన వెల్డింగ్ చేసేవాడు దొరకడం కష్టం. స్టెయిన్‌లెస్ అని చెప్పి మామూలు ఇనుము అంటగడుతున్నారేమోనని అనుమానం ఉంటే ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. 304 రకం స్టెయిన్‌లెస్‌కి అది నిటారు భాగంలో దాదాపు అంటుకోదు, వంపుల దగ్గర మాత్రం కాస్త లాగొచ్చు, అది మామూలే. టక్కున అతుక్కుపోయిందంటే అది 304 కాదు.

"4 వేల ఆర్‌పీఎమ్ దాటగానే కాళ్ల కింద జుయ్యిమంటోంది"

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. ఫిట్టింగ్ చేసినోడు పై బోల్టు పూర్తిగా బిగించేసి, కింది రంధ్రం కలవకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి లివర్‌లా ఎత్తి బోల్టు తోసేస్తాడు. అప్పుడు గార్డ్ వీణ తీగలా లాగిపెట్టి ఉంటుంది, ఇంజిన్ కంపనం ఏదో ఒక చోట దానికి శ్రుతి కలుస్తుంది. మా మదనపల్లి బావ బండి ఇలాగే ఉండేది, అద్దాల్లో వెనక లారీ రెండు లారీల్లా కనబడేది.

చేయాల్సింది ఇది. అన్ని బోల్టులూ వదులు చేయండి, ఒక్కటి కూడా బిగువుగా ఉంచొద్దు. గార్డ్ తనంతట తాను కూర్చోవాలి. ఇంజిన్ మౌంట్ బోల్టు తీయాల్సి వస్తే కింద జాకీ ఆనించి, ఒకసారికి ఒక్కటే తీయండి. అన్నీ చేత్తో తిప్పి పెట్టాక, ఇంజిన్ మౌంట్‌తో మొదలుపెట్టి బయటి వైపుకి, మాన్యువల్లో రాసిన టార్క్‌కి, అంటే బిగింపు కొలతకి, బిగించండి. ఎక్కడైనా పట్టీకీ ఫ్రేమ్‌కీ మధ్య సందు మిగిలితే బోల్టుతో లాగేసి మూయొద్దు, ఆ సందు మందానికి సరిపోయే వాషర్ పెట్టండి. బోల్టు తల కింద మందంగా పౌడర్ కోటింగ్ ఉంటే అది రోజులు గడిచేకొద్దీ నలిగి బోల్టు వదులవుతుంది, అక్కడ వరకు గీకేసి, నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూసుకోండి. బావ బండికి ఈ పని మా పార్కింగ్‌లో గంటన్నరలో అయిపోయింది, వాషర్ల ఖర్చు 20 రూపాయలు.

ఇదంతా చేసినా మోగుతుంటే సైలెన్సర్ బెండ్‌కి గార్డ్ తగులుతోందేమో చూడండి. చల్లగా ఉన్నప్పుడు సందు కనబడుతుంది, వేడెక్కాక పైపు వ్యాకోచిస్తే ఉండదు. ఎక్స్‌ట్రా లైట్లు గార్డ్ చివర వేలాడదీసుంటే వాటినీ ఒకసారి పీకి చూడండి.

"బోల్టు మళ్లీ మళ్లీ ఊడుతోంది, మర పోయింది"

గార్డ్ పట్టీ ఎంత మందం ఉందో అంత మేర బోల్టు లోపలికి తక్కువగా వెళ్తుంది. పాత బోల్టే వేసేస్తే నాలుగు మరలు పట్టి ఊరుకుంటుంది. అల్యూమినియంలోకి పోయే బోల్టు తన వ్యాసానికి ఒకటిన్నర రెట్లైనా లోపలికి పట్టాలి, అంటే 8 మిల్లీమీటర్ల బోల్టుకి కనీసం 12. కిట్‌లో పొడుగు బోల్టులు రాకపోతే అదే ఆ కిట్ గురించి మీకు చాలా చెప్పేస్తోంది. తల మీద బోల్టు బలాన్ని చెప్పే అంకె, 8.8 అనో 10.9 అనో, ఉండాలి. మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టు మీద ఏ2-70 అని ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది కానీ బలంలో అది 8.8 కంటే తక్కువ. తల మీద ఏ అంకే లేని బోల్టు అయితే దాన్ని చెప్పుల స్టాండ్‌కి వాడుకోండి.

"తుప్పు పడుతోంది"

రాయి తగిలి కోటింగ్ లేచిన చోట తుప్పు పడితే గీకి ప్రైమర్, పెయింట్. అంతే. భయపడాల్సింది లోపలి తుప్పుకి. పైపు చివర ప్లాస్టిక్ మూత ఊడితే నీళ్లు దూరి కింది వంపులో నిలబడిపోతాయి, బయటికి ఏమీ కనబడదు. గార్డ్ ఊపితే గలగలమంటే ఊడదీసి వంచండి, కింది భాగంలో చిన్న రంధ్రం వేయించండి. చెన్నైలో ఈసీఆర్ (సముద్రం వెంట పోయే రోడ్డు) పక్కన ఉండే మా ఫ్రెండ్ తెలివిగా స్టెయిన్‌లెస్ వేయించుకున్నాడు, ఉప్పుగాలికి దాని మీదా టీ మరకల్లాంటి మచ్చలు వచ్చాయి. పాపం వారానికోసారి మంచినీళ్లతో కడుక్కుంటున్నాడు.

"సరిపోయింది అన్నాడు, కానీ..."

ఆయిల్ ఫిల్టర్ తీయడానికి గార్డ్ ఊడదీయాల్సి రావడం, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో కాళ్లతో నెట్టుకుంటూ పోతే ముంగాలు గీరుకుపోవడం, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే తగలడం. ఇవన్నీ డబ్బులివ్వకముందు పది నిమిషాలు బండి మీద కూర్చుంటే తెలిసిపోయేవి. ఒకటి మాత్రం కూర్చుంటే తెలియదు. హిమాలయన్ 450 ముందు సస్పెన్షన్ 200 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తుంది, పెద్ద గుంతలో చక్రం, మడ్‌గార్డ్ అంత పైకీ వచ్చేస్తాయి. అక్కడ అడ్డ పైపు ఉండకూడదు. టేపు పెట్టి కొలవండి.

"ఏది కొనాలో అర్థం కావట్లేదు"

నాకు తెలిసిన మంచి పద్ధతి బండిని కావాలని పడుకోబెట్టడం. నవ్వకండి. పాత పరుపు వేయండి, ముగ్గురు మనుషులు, తాళం ఆఫ్, పెట్రోల్ సగానికి తక్కువ, దగ్గర్లో సిగరెట్ ఉండకూడదు. మెల్లగా ఒరిగించి పరుపుని పక్కకు లాగి నేల మీదికి దించి, మోకాళ్ల మీద కూర్చుని టార్చ్ వేసి చూడండి. నేలకు తగులుతున్నది గార్డ్, ఫుట్‌పెగ్, హ్యాండిల్ చివర, వెనక బ్యాగు ర్యాక్, ఇవే అయ్యుండాలి. గేర్ లివర్ కింద వేలు పట్టాలి. ఆ తర్వాత గార్డ్‌కీ రేడియేటర్ ప్లాస్టిక్‌కీ మధ్య మూడు వేళ్లు పక్కపక్కన పెట్టండి, పట్టకపోతే పడినప్పుడు అది తగులుతుంది. ఎక్స్‌పల్స్ 200, వీ-స్ట్రామ్ 250 ఎస్‌ఎక్స్ లాంటి బండ్లకి రేడియేటర్ ఉండదు, అక్కడ ఆయిల్ కూలర్, దాని గొట్టాలు చూసుకోండి. లేపాక కొన్ని నిమిషాలు ఆగి, ఆయిల్ కిందికి దిగాకే స్టార్ట్ చేయండి.

వెడల్పు ఎక్కువైతే ఎక్కువ రక్షణ అనుకోవడం కూడా తప్పే. రాళ్ల దారిలో బయటికి పొడుచుకొచ్చిన గార్డ్ బండరాయికి తగులుకుని బండినే తిప్పేస్తుంది. ఆ గార్డ్‌కి బ్యాగులు కూడా తగిలిస్తే ఇక చెప్పక్కర్లేదు. వేస్తే రెయిన్‌కోటు, పంక్చర్ కిట్ లాంటి తేలికవి వేయండి, నీళ్ల బాటిళ్లు వద్దు.

బిల్లు పారేయకండి. పాలసీ రెన్యూవల్ అప్పుడు యాక్సెసరీగా రాయించకపోతే క్లెయిమ్‌లో గార్డ్ డబ్బులు రావు.

"వంగిన గార్డ్‌ని సరిచేయించొచ్చా?"

కాస్త లోపలికి నొక్కుకుంటే, వెల్డింగ్ దగ్గర గీత లేకపోతే, వాడుకోవచ్చు. పైపు మడత పడితే, అంటే స్ట్రా వంచినప్పుడు నలిగినట్టు ఒక చోట చప్పిడైతే, దాన్ని నిటారుగా కొట్టించినా ఆ చోట బలం తిరిగి రాదు. మార్చేయండి. బోల్టులు కూడా, అవి సాగి ఉంటాయి.

"పడి లేచాక స్టార్ట్ కావట్లేదు"

హార్స్‌లీ హిల్స్ కింద మట్టిదారిలో మావాడు పడ్డాడు, గార్డ్ బ్రహ్మాండంగా పనిచేసింది, ఒక్క ప్లాస్టిక్ పగల్లేదు. కానీ సెల్ఫ్ ఎన్ని సార్లు నొక్కినా ఇంజిన్ అందుకోలేదు. పక్క ఊరి టెంపో అన్నను పిలిచి, 1,500 దగ్గర బేరం తెగ్గొట్టుకుని, పలకలు వేసి బండి ఎక్కించబోతున్నారు. అప్పటికి నేను వెనక నుంచి వచ్చా. బండి ఒరిగితే ఇంజిన్ ఆపేసే సెన్సర్ ఒకటుంటుంది, చాలా బండ్లలో తాళం ఒకసారి పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేసేదాకా అది వదలదు. తాళం తిప్పా, పది అంకెలు లెక్కపెట్టా, మళ్లీ తిప్పా. స్టార్టయింది. టెంపో అన్న మా వైపు ఒక చూపు చూశాడు. టీ డబ్బులు, డీజిల్ డబ్బులు ఇచ్చి పంపాం.