కళ్లె పరీక్షకు శాంపిల్ ఇలా ఇవ్వండి

ఫ్లూ తగ్గి నాలుగు రోజులు బాగానే తిరిగిన మనిషికి మళ్లీ చలిజ్వరం, పచ్చటి కళ్లె మొదలైతే డాక్టర్లు కళ్లె కల్చర్ రాస్తారు, అంటే కళ్లెలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. అదే అదనుగా న్యూమోకాకస్, స్టాఫ్ లాంటి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. 1918 ఫ్లూలో చనిపోయిన 58 మంది ఊపిరితిత్తుల ముక్కల్ని అమెరికా పరిశోధకులు మళ్లీ పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. అన్నిటిలోనూ బ్యాక్టీరియా న్యుమోనియా ఆనవాళ్లే.

నేను ల్యాబ్‌లో ఆ కళ్లె స్లైడ్లు చూస్తాను. మా బల్ల మీదికి వచ్చే డబ్బాల్లో చాలావాటిలో ఉండేది ఒట్టి ఉమ్మి. దాంతో పని జరగదు.

పొద్దున్నే, ఏమీ తినకముందు ఇవ్వండి. కట్టుడు పళ్లుంటే తీసేసి, మామూలు నీళ్లతో బాగా పుక్కిలించండి. మౌత్‌వాష్ మాత్రం వద్దు, మేం వెతికే బ్యాక్టీరియానే చంపేస్తుంది. పక్కన ఎవరూ లేకుండా ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు నిండుగా ఊపిరి పీల్చి, ఒక్క క్షణం బిగబట్టి, ఛాతీ లోతు నుంచి దగ్గండి. చిక్కగా వచ్చినదాన్ని నేరుగా డబ్బాలో వేయండి. చెంచాడు చాలు. డబ్బా లోపల వేలు పెట్టొద్దు. మూత బిగించి రెండు గంటల్లోపు ల్యాబ్‌లో ఇవ్వండి, ఆలస్యమైతే న్యూమోకాకస్ చచ్చిపోతుంది.

మేం ముందు గ్రామ్ స్టెయిన్, అంటే బ్యాక్టీరియా కనిపించేలా చేసే రంగు వేసి, మైక్రోస్కోప్ తక్కువ పవర్‌లో చూస్తాం. ఒక్కో ఫీల్డ్‌లో (లెన్స్‌లో ఒకసారి కనిపించే మేర) చీము కణాలు 25 దాటి, నోటి పొర కణాలు 10 లోపు ఉంటే మంచి శాంపిల్. అప్పుడు ఎక్కువ పవర్ ఉన్న ఆయిల్ లెన్స్ తిప్పితే, గులాబీ రంగు చీము కణాల మధ్య ఊదారంగులో జంటలు జంటలుగా, కొసలు కాస్త సూదిగా న్యూమోకాకస్ కనిపిస్తుంది. అది చూడగానే డాక్టర్‌కు ఫోన్ చేస్తాను. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది, అన్నాళ్లు రోగి ఆగలేడు కదా.

ఆయాసం ఎక్కువైనా, పెదాలు నీలంగా మారినా, మనిషి మగతగా ఉన్నా శాంపిల్ కోసం ఆగకండి, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈ లక్షణాలేవీ లేకపోతే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వడం మేలు. ఇంట్లో మిగిలిన మాత్ర ఒక్కటి వేసుకున్నా సరే, దాని పేరు, వేసుకున్న టైము చీటీ మీద రాయించండి. కల్చర్ ప్లేటు మీద బ్యాక్టీరియా ఏమీ పెరగకపోతే ఎందుకో మాకు అర్థమవుతుంది.