రేసు టైర్లు మోసే తేలికపాటి ట్రైలర్: ఇంట్లోనే కట్టుకునే పద్ధతి

చిన్న కారులో ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి సామాను ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద చిక్కు. రేసు టైర్లు ఎక్కించిన నాలుగు చక్రాలు, జాకీ, పనిముట్ల పెట్టె, పెట్రోలు డబ్బా కలిసి కారులో పట్టవు. ఎలాగోలా కుక్కినా, గట్టిగా బ్రేకు వేస్తే అవన్నీ వెనక నుంచి మీదికొస్తాయి. దీనికి పెద్ద ట్రైలర్ అక్కర్లేదు. ఖాళీగా 80 కిలోల లోపు, సరుకుతో 200 కిలోల లోపు ఉండే బండి చాలు. కాకపోతే ఇంత తేలికైన ట్రైలర్ బరువు మోయలేక విరగదు, గుంటల మీద ఎగిరెగిరి పడుతూ అతుకుల దగ్గర పగులుతుంది. కింద ఇచ్చిన కొలతలన్నీ ఆ ఎగురుడు తగ్గించడానికి, పగులు పుట్టే చోట్లని బలపరచడానికి ఉద్దేశించినవే.

ఇనుము కొనకముందే ఇంట్లో చేసిన ట్రైలర్‌కి మీ దగ్గర రిజిస్ట్రేషన్, లైట్లు, మడ్‌గార్డులు, వేగం విషయంలో ఏ నిబంధనలున్నాయో కనుక్కోండి. మీ కారు ఎంత బరువు లాగవచ్చో, హిచ్ బాల్ (ట్రైలర్ తగిలించడానికి కారు వెనక ఉండే ఇనుప గుండు) మీద ఎంత బరువు పెట్టవచ్చో కారు పుస్తకంలో చూడండి. కొన్ని స్పోర్ట్స్ కార్లకి తయారీదారులు అసలు లాగడానికే అనుమతివ్వరు.

కొలతలు, ఇనుము

ఇక్కడ లెక్కలన్నీ 205/50 ఆర్15 టైర్లకి. వ్యాసం 586 మి.మీ., రిమ్ముతో కలిపి ఒక్కోటి సుమారు 18 కిలోలు, నాలుగూ కలిపి 72. నాలుగు చక్రాల్ని కారుకి బిగించినట్టే నిలబెట్టి, పక్కపక్కన వరుసగా పేర్చాలి. ఒక్కోటి 235 మి.మీ. వెడల్పు అనుకుంటే మొత్తం 940 అవుతుంది. కాబట్టి చట్రం లోపలి వెడల్పు 1000, బయటి వెడల్పు 1050, పొడవు 1100 మి.మీ. పెట్టుకోండి. చట్రం ముందు అంచు నుంచి కప్లర్ (హిచ్ బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు కొస) నడిమధ్యకి 1200 మి.మీ.

చట్రానికి 50×25×2 మి.మీ. స్టీలు ట్యూబు, 50 మి.మీ. వైపు నిలువుగా ఉండేట్టు వాడండి. పక్క ట్యూబులు 1100 పొడవువి రెండు, అడ్డ ట్యూబులు 1000వి నాలుగు, ముందు ఏటవాలు కడ్డీలు 800వి రెండు, మొత్తం 7.8 మీటర్లు. మీటరుకి 2.2 కిలోల చొప్పున 17 కిలోల పైచిలుకు. 50×50×3 ట్యూబు మరో 2.7 మీటర్లు కావాలి: టంగ్‌కి (చట్రం కింద నుంచి ముందుకి కప్లర్ దాకా వెళ్లే ట్యూబు) 1625 మి.మీ., ఇరుసు దూలానికి (ఇరుసులు బిగించే అడ్డ ట్యూబు) 1050. అది మీటరుకి 4.4 కిలోలు, అంటే ఇంకో 12 కిలోలు.

అల్యూమినియంతో చేస్తే ఇంకా తగ్గుతుంది కదా అనిపిస్తుంది. కానీ గట్టిపరిచిన అల్యూమినియం వెల్డు పక్కన బాగా మెత్తబడిపోతుంది, పదేపదే వంగే చోట స్టీలు కన్నా తొందరగా అలసిపోతుంది. మొదటిసారి కట్టేవాళ్లకి స్టీలే సరైనది. తగ్గించదలచిన బరువు నేల పలక దగ్గర, పక్క గోడల దగ్గర తగ్గించండి. ఈ బండికి గోడలు అవసరమే లేదు. పనిముట్ల పెట్టె కింద మాత్రం 9 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఒకటి చాలు.

టైర్లు కూర్చునే చోటు

నాలుగు అడ్డ ట్యూబుల్లో రెండు చట్రం ముందూ వెనకా. మిగతా రెండిటి మీద టైర్లు కూర్చుంటాయి. వాటి మధ్య ఖాళీ ఎంతన్నది ముఖ్యం. ఖాళీ ఎక్కువ పెడితే టైరు లోతుగా దిగి గట్టిగా కూర్చుంటుందని చాలామంది 400 మి.మీ. వదిలేస్తారు. అప్పుడు టైరు 79 మి.మీ. కిందికి దిగుతుంది. చట్రం ఎత్తు 50 మాత్రమే కాబట్టి టైరు అడుగు కిందున్న ఇరుసు దూలానికి ఆనుతుంది. గుంట వచ్చిన ప్రతిసారీ మెత్తటి రేసు రబ్బరు ఆ ఇనుముకి కొట్టుకుంటుంది. 280 మి.మీ. ఖాళీ వదలండి. టైరు 36 మి.మీ. మాత్రమే దిగుతుంది, దేనికీ తగలదు. మీ టైరు సైజు వేరైతే లెక్క సులువే: టైరు వ్యాసార్ధం వర్గంలోంచి, ఖాళీలో సగం వర్గాన్ని తీసేసి, వర్గమూలం కట్టండి. దాన్ని వ్యాసార్ధంలోంచి తీసేస్తే ఎంత దిగుతుందో వస్తుంది.

కప్లర్ మధ్య నుంచి కొలిస్తే (ఇక మీదట ఇన్ని మి.మీ. ‘దగ్గర’ అన్నవన్నీ అక్కడి నుంచి కొలిచినవే) టైర్ల నడిమధ్య 1850 దగ్గరకి రావాలి. అంటే ఆ రెండు ట్యూబుల లోపలి అంచులు 1710 దగ్గర, 1990 దగ్గర.

చక్రాల మధ్య రంధ్రాల్లోంచి 25 మి.మీ. పైపు ఒకటి అడ్డంగా దూర్చి, రెండు చివర్లా నిలువు స్తంభాల్లో పెట్టి తాళం వేయవచ్చు. స్తంభానికి గుండ్రటి రంధ్రం కాకుండా నిలువు గాడి కోయండి. రంధ్రమైతే చక్రం బరువంతా పైపు మీద వేలాడి రిమ్ము రంధ్రం అంచుల్ని అరగదీస్తుంది. గాడిలో పైపు పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి టైరు తన బరువుతో తాను ట్యూబుల మీద కూర్చుంటుంది. పైపు ముందుకీ వెనక్కీ పోకుండా ఆపుతుందంతే. పైకి లేవకుండా ఆపే పని ర్యాచెట్ బెల్టులది (పళ్ల చక్రంతో బిగించే పట్టీలు). నాలుగు టైర్ల ట్రెడ్ మీదుగా రెండు బెల్టులు చాలు. పక్కపక్క చక్రాల మధ్య మందపాటి ఫోమ్ పెట్టకపోతే మొదటి ప్రయాణంలోనే రిమ్ముల మీద గీతలు పడతాయి.

టంగ్: ఇక్కడ బరువు తగ్గించొద్దు

ఎద్దుబండికి నొగ ఎలాగో ఈ బండికి టంగ్ అలాగ. కప్లర్ మీద 24 కిలోల బరువుంటే, గుంటలో పడినప్పుడు దానికి నాలుగింతల దెబ్బ తగులుతుందనుకుని లెక్క కడదాం. కప్లర్ నుంచి 1200 మి.మీ. దూరాన, చట్రం ముందు అంచు దగ్గర 50×50×3 ట్యూబులో ఒత్తిడి సుమారు 135 మెగాపాస్కల్ వస్తుంది. అదే 50×25×2 ట్యూబు వాడితే 310 దాటుతుంది. మామూలు మెత్తటి ఉక్కు 250 దగ్గరే శాశ్వతంగా వంగిపోతుంది. ఈ రెంటి మధ్య బరువు తేడా నాలుగు కిలోల లోపే.

టంగ్ ట్యూబు చట్రం కిందుగా వెళ్లి, 1750 దగ్గర అడ్డంగా ఉన్న ఇరుసు దూలాన్ని ఢీకొని ఆగాలి. చట్రం ముందు మూలల నుంచి రెండు ఏటవాలు కడ్డీలు టంగ్ మీదికి, ముందు అంచుకి 600 మి.మీ. అవతలికి రావాలి. వీటివల్ల ముందు అంచు దగ్గరి ఒత్తిడి బాగా తగ్గుతుంది, చట్రం పక్కలకి ఊగదు.

ఇంట్లో కట్టిన ట్రైలర్లు ఎక్కువగా పగిలేది టంగ్ చట్రాన్ని దాటే చోటే. దానికి కారణం వెల్డు ఉన్న దిశ. టంగ్ పై ముఖం మీద అడ్డంగా వెల్డు వేస్తే, ఎక్కువ సాగే చోట సరిగ్గా గాటు పెట్టినట్టవుతుంది. కొన్నాళ్లకి ఆ వెల్డు అంచున పెయింటులో వెంట్రుక మందం తుప్పుగీత కనిపిస్తుంది. అది పగులు. అందుకని టంగ్ రెండు పక్కలా 3 మి.మీ. పలకలు పెట్టి, పొడవు దిశలో మాత్రమే వెల్డు చేయండి. పై ముఖానికీ అడుగు ముఖానికీ అడ్డ వెల్డు వద్దు, రంధ్రం వద్దు. వైరు క్లిప్పులకి రంధ్రం కావాలంటే పక్క ముఖం సగం ఎత్తులో వేయండి. అక్కడ ఒత్తిడి దాదాపు ఉండదు.

ఇరుసు, స్ప్రింగులు, చక్రాలు

రబ్బరు టార్షన్ సగం ఇరుసులు (లోపలి రబ్బరే స్ప్రింగులా పనిచేసేవి, ఒక్కో చక్రానికి ఒకటి) రెండు తీసుకుంటే పని తేలిక. వాటిని నేరుగా పక్క ట్యూబులకి బిగించొద్దు, 2 మి.మీ. గోడ మెలి తిరిగిపోతుంది. 50×50×3 దూలానికి బిగించండి. ఇరుసు చేయి (దూలం నుంచి చక్రం మధ్య దాకా వెనక్కి చాచి ఉండే కడ్డీ) పొడవు 150 మి.మీ. అయితే దూలం 1750 దగ్గర, చక్రం మధ్య 1900 దగ్గర వస్తాయి. చేయి పొడవు వేరైతే దూలాన్ని ఆ మేరకి జరపండి.

జత మోయగల బరువు 250 నుంచి 350 కిలోల మధ్య ఉండాలి. దొరికింది కదా అని 900 కిలోల ఇరుసు వేస్తే అది ఈ బరువుకి అసలు కదలదు. స్ప్రింగు లేనట్టే. గుంట తగిలినప్పుడల్లా బండి మొత్తం గాల్లోకి లేస్తుంది, టంగ్‌కి, కప్లర్‌కి, లైట్లకి దెబ్బ మీద దెబ్బ. బలమైనది వేస్తే మంచిదేగా అన్న ఆలోచన ఈ బండిని పాడు చేసినంతగా ఇంకేదీ చేయదు.

8 అంగుళాల చక్రాలు చవక, తేలిక. కానీ గంటకి 100 కి.మీ. వేగంలో నిమిషానికి దాదాపు 1300 సార్లు తిరుగుతాయి. 4.80-12 టైరు వెయ్యి సార్లు పైచిలుకే తిరుగుతుంది, బేరింగు చల్లగా ఉంటుంది, గుంటలో తక్కువ దిగుతుంది. దూరం వెళ్లేవాళ్లు 12 అంగుళాలే వేసుకోండి. ట్రైలర్ టైరు మీద రాసిన వేగ పరిమితి దాటొద్దు.

టైరు మీద 60 పీఎస్‌ఐ అని ఉంటే అది పూర్తి బరువుకి గరిష్ఠ గాలి. ఇక్కడ ఒక్కో టైరు మీద పడేది 86 కిలోలే. 60 కొడితే బంతిలా ఎగురుతుంది. 25 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. టైరు ట్రెడ్ మీద సుద్దముక్కతో అడ్డంగా మందపాటి గీత గీసి, సరుకు ఎక్కించి, చదునైన రోడ్డు మీద వంద మీటర్లు నెమ్మదిగా లాగి చూడండి. సుద్ద మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. అడ్డంగా ఒకేలా చెరగాలి.

బరువు పంపకం

కప్లర్ మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తక్కువైతే వేగంలో తోక ఆడిస్తుంది. ఇరుసు కప్లర్ నుంచి 1900 దగ్గర అనుకుని లెక్క: టైర్లు 72 కిలోలు 1850 దగ్గర, పనిముట్లూ జాకీ 45 కిలోలు 1400 దగ్గర, చట్రం సామగ్రి 43 కిలోలు సుమారు 1450 దగ్గర. ఒక్కో బరువునీ ఇరుసు నుంచి దాని దూరంతో గుణించి, కూడి, 1900తో భాగిస్తే 24 కిలోలు వస్తుంది. ఇరుసు, చక్రాల 35 కిలోలతో కలిపి మొత్తం 195. అంటే 12 శాతం. ఇరుసుని 50 మి.మీ. వెనక్కి జరిపితే కప్లర్ మీద ఇంకో 3.5 కిలోలు పెరుగుతుంది.

పనిముట్ల పెట్టె ఇంట్లో వదిలేసి టైర్లు మాత్రమే వేసుకెళ్తే 12 కిలోలకి, 8 శాతానికి పడిపోతుంది. ఆ రోజు పెట్టె ఉండే చోట వేరే బరువేదైనా కట్టండి. పెట్రోలు డబ్బా ఎప్పుడూ ఇరుసుకి ముందే, నిటారుగా, విడిగా కట్టాలి.

లెక్క సరిపోయిందో లేదో మనిషి బరువు చూసే మిషన్ మీద చెక్క దుంగ నిలబెట్టి, దాని మీద కప్లర్‌ని బాల్ ఎత్తులో పెట్టి చూడండి. ఇరుసు దూలాన్ని పూర్తిగా వెల్డు చేయకముందే, సరుకంతా పెట్టి చూసుకోవాలి.

అతకడం

ముందు మొత్తం ట్యాక్‌లే (చిన్న చిన్న చుక్కల్లాంటి తాత్కాలిక వెల్డులు). చట్రం రెండు కర్ణాలూ 1521 మి.మీ. రావాలి, తేడా 2 దాటకూడదు. మూలమట్టం ఒక్కదాన్నే నమ్మొద్దు. తర్వాత కప్లర్ నడిమధ్య నుంచి రెండు ఇరుసు కొనలకీ టేపు పట్టండి, తేడా 3 మి.మీ. లోపు ఉండాలి. ఎక్కువుంటే బండి పక్కకి ఒరిగి నడుస్తుంది, టైరు ఒక వైపు అరిగిపోతుంది. 0.8 మి.మీ. తీగతో మిగ్ వెల్డింగ్ చేస్తూ, ఒక మూల తర్వాత దాని ఎదుటి మూలకి వెళ్లండి. ఒకే వైపు వరుసగా వేస్తే ఆ వైపుకి లాగేస్తుంది. ట్యూబు కొనలు మూసేయండి. మూయకపోతే లోపల నీళ్లు నిలిచి, తుప్పు బయటికి కనపడేసరికి గోడ సగం పోయి ఉంటుంది.

హబ్బు బేరింగుల్లో గ్రీజు చేత్తో రోలర్ల మధ్యకి ఎక్కేదాకా కూరాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, వదులు చేసి, మళ్లీ వేళ్లతోనే బిగించి కాటర్ పిన్ను వేయండి. స్పానరుతో బిగించి వదిలేస్తే బేరింగు కాలిపోతుంది.

కప్లర్ సైజు బాల్ సైజు ఒకటే ఉండాలి. 50 మి.మీ., 2 అంగుళాలు దగ్గర దగ్గరే అనిపించినా 2 అంగుళాలంటే 50.8. ఒకదాని మీద ఇంకోటి సరిగ్గా కూర్చోదు. తగిలించాక టంగ్ కింద జాకీ పెట్టి పైకి లేపండి. కారు వెనక భాగం కూడా లేవాలి. భద్రతా గొలుసులు రెండూ టంగ్ కింద ఒకదాన్ని ఒకటి దాటేలా తగిలించండి. కప్లర్ ఊడినా టంగ్ ఆ గొలుసుల మీద పడుతుంది, రోడ్డులో గుచ్చుకోదు.

లైట్లకి ఎర్తు వైరు ఒక్కోదానికి విడిగా కారు దాకా తీసుకెళ్లండి. చట్రం, హిచ్ బాల్ ద్వారా ఎర్తు తీసుకుంటే గ్రీజూ తుప్పూ అడ్డం పడి, ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు మిణుకుమంటుంది. బండి ఇంత కిందికి ఉంటుంది కాబట్టి వెనక్కి నడిపేటప్పుడు అద్దంలో కనపడదు. చట్రం వెనక రెండు మూలలా సన్నటి నిలువు కడ్డీలు పెట్టుకోండి. కారు వెనక చక్రాలు చిమ్మే రాళ్లు మెత్తటి రేసు టైర్లలో గుచ్చుకోకుండా ముందు వైపు 1 మి.మీ. అల్యూమినియం రేకు నిలబెట్టండి.

మొదటి ప్రయాణం

ముందు ఖాళీగా పది కిలోమీటర్లు, తర్వాత సరుకుతో. ఆపి హబ్బుల మీద చేయి పెట్టండి. గోరువెచ్చగా ఉండొచ్చు, చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే నట్టు బిగుసుకుందని అర్థం. 50 కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లని తయారీదారు చెప్పిన టార్కుకి మళ్లీ బిగించండి. కొత్త పెయింటు నలిగి అవి కచ్చితంగా వదులవుతాయి. బెల్టులు కూడా అప్పుడే చూడండి. దారిలో బండి ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు వేయొద్దు, స్టీరింగు తిప్పి సరిచేయబోవద్దు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీసి, వేగం తగ్గాక ఆపి, బరువు ముందుకి జరపండి. ఇంటికి చేరాక టంగ్, చట్రం కలిసే చోట తుడిచి, టార్చి ఏటవాలుగా వేసి పెయింటు చూడండి. ప్రతి ప్రయాణానికీ ముందు ఇదే చోటు చూడాలి.