గర్భాశయ ముఖద్వార పరీక్షకు ముందు జాగ్రత్తలు

పాప్ స్మియర్‌కు, అంటే గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్షకు, నెలసరి లేని రోజును ఎంచుకోవాలి. నమూనాలో రక్తం ఎక్కువగా కలిస్తే కణాలు స్పష్టంగా కనిపించవు. ముందు 48 గంటలు లైంగిక కలయికకు, యోనిలో వాడే క్రీములకు దూరంగా ఉండాలి, లోపల కడగకూడదు. వైద్యులు రాసిన మందైతే, ఆపే ముందు వారినే అడగాలి.

గర్భం, గర్భాశయం తొలగించిన శస్త్రచికిత్స, గతంలో తేడాగా వచ్చిన ఫలితం వంటివి ముందే చెప్పాలి. హెచ్‌ఐవీ ఉంటే అదీ దాచకూడదు, ఎందుకంటే అటువంటి స్త్రీలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్లకు బదులు 25 ఏళ్ల నుంచే పరీక్షలు సూచిస్తోంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ హెచ్‌పీవీ. దాని టీకా అన్ని రకాల హెచ్‌పీవీ నుంచీ రక్షించదు కనుక, వేయించుకున్నవారూ పరీక్ష మానకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ముందే తెలిసి ఉండడం. హెచ్‌పీవీ పరీక్ష కూడా చేసినప్పుడు, వైరస్ ఉన్నదని వస్తే క్యాన్సర్ ఉన్నదని కాదు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది, 16, 18 వంటి రకాలు ఏళ్ల తరబడి తిష్ఠ వేసినప్పుడే ముప్పు పెరుగుతుంది. వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు కాబట్టి ఈ ఫలితాన్ని బట్టి భాగస్వామిని అనుమానించడం తగదు.

కలయిక తరువాత గానీ, నెలసరి ఆగిపోయాక గానీ రక్తస్రావం కనిపిస్తే, పరీక్ష తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యులను కలవాలి.