ఆరోగ్య సందేశం రాయడం ఎలా? – 4వ పాఠం: రోజు, గంట, పని

భయపెట్టే మాటల సంగతి పోయిన పాఠంలో చూశాం. ఈసారి నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన విషయం: మీ వాక్యం చదివినవాళ్లకు లేచి ఏం చేయాలో తెలుస్తోందా?

"పరిసరాలను పరిశుభ్రంగా ఉంచుకోండి, డెంగీని తరిమికొట్టండి." వానాకాలం వస్తే ఎక్కడ చూసినా ఇదే. పరిసరాలు అనగానే మనకు గుర్తొచ్చేది వీధి చివర మురికి కాలువ. డెంగీని మోసే ఏడిస్ దోమేమో కూలర్‌లో, పూలకుండీ కింది పళ్లెంలో, ఫ్రిజ్ వెనక ట్రేలో నిలిచిన మామూలు నీళ్లలో పెరుగుతుంది. అంటే ఆ వాక్యం మనిషిని ఇంట్లోంచి బయటికి చూడమంటోంది.

2020 మేలో తెలంగాణలో మొదలైన "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" నాకు బాగా నచ్చిన పిలుపు. గుడ్డు దోమ కావడానికి సుమారు 8 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి నీళ్లు తీసేస్తే చాలు. రోజూ చేయమంటే ఎవరూ చేయరు.

వేళ పెట్టుకుంటే తేడా ఉంటుందనడానికి 2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం ఉంది. ఒక సంస్థ ఉద్యోగులకు ఫ్లూ టీకా శిబిరం వివరాలు పోస్టులో పంపారు. కొందరి కాగితంలో మాత్రం ఏ రోజు, ఎన్నింటికి వెళ్తారో రాసుకోవడానికి ఖాళీలు వదిలారు. మామూలు కాగితం అందినవాళ్లలో 33 శాతం మంది టీకా వేయించుకుంటే, వీళ్లలో 37 శాతం. రోజు ఒక్కటే రాసుకోమన్న వాళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గంట కూడా ఉండాలి.

ఇక పని. "నీళ్లు పారబోయండి" అంటే సగమే చెప్పినట్టు. ఏడిస్ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు పోయగానే పొదుగుతాయి. అందుకే ఇలా రాయండి: "ఆదివారం పదింటికి కూలర్ నీళ్లు పారబోసి, లోపలి గోడలు పీచుతో గట్టిగా రుద్దండి."

అభ్యాసం: రెండు రోజులకోసారి నల్లా వచ్చే వీధికి ఒక వాక్యం రాయండి. అక్కడ డ్రమ్ములో నీళ్లు పారబోయమంటే తిడతారు, తిట్టాలి కూడా. మూత గురించో, గుడ్డ కట్టడం గురించో ఆలోచించండి. రాశాక పక్కింటివాళ్లకు చదివి వినిపించి, "ఇప్పుడు ఏం చేస్తారు?" అని అడగండి. "శుభ్రంగా ఉంటాం" అంటే, మళ్లీ రాయండి.